దూరపు ఊళ్లో తొలి ఇల్లు: ధర తగ్గిన చోట ఏం పెరుగుతుంది?

నగరంలో రెండు గదుల ఫ్లాట్‌కి కూడా సరిపోని డబ్బుతో, గంట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో మూడు పడకగదుల ఇల్లు, ముందు కాస్త ఖాళీ స్థలం వస్తాయి. మొదటిసారి ఇల్లు కొనే జంటలు నగరం వదిలి చుట్టుపక్కల ఊళ్ల వైపు చూడటానికి ముఖ్య కారణం ఇదే. అద్దె ఏటా పెరుగుతుంటుంది, బిడ్డ పుట్టి ఉంటుంది లేదా పుట్టబోతుంటుంది, ఉన్న ఇల్లు ఇరుకైపోతుంది. ఆ తొందరలో ఆలోచనంతా ఇంటి చుట్టూనే తిరుగుతుంది. ఎన్ని గదులు, ఎంత వెలుతురు, వంటగది ఎలా ఉంది, బండి ఎక్కడ పెట్టాలి అని వంద ప్రశ్నలు అడుగుతారు. ఊరి గురించి మాత్రం ఒక్కటే అడుగుతారు: ఆఫీసుకి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క ప్రశ్న చాలదు. దానికి దొరికే జవాబు కూడా చాలాసార్లు సగమే నిజం.

దూరం వెళ్లేకొద్దీ ఇల్లు ఎందుకు చవకవుతుందో అర్థశాస్త్రం ఎప్పుడో లెక్క కట్టింది. 1826లో జర్మనీకి చెందిన భూస్వామి యోహాన్ ఫాన్ ట్యూనెన్ పొలాల విషయంలో ఈ సంగతి రాశాడు. సంతకు సరుకు చేర్చే ఖర్చు పెరిగేకొద్దీ భూమికి వచ్చే కౌలు తగ్గుతుందన్నాడు. 1964లో విలియం అలోన్సో అదే తర్కాన్ని నగరాలకు పట్టించాడు. ఉద్యోగాలన్నీ నగరం మధ్యలో ఉంటే, అక్కడికి చేరడానికి అయ్యే ఖర్చు, పట్టే సమయం పెరిగేకొద్దీ ఇంటిస్థలానికి జనం పెట్టే ధర తగ్గుతూ పోతుంది. అంటే దూరపు ఊళ్లో తక్కువ ధర వెనక ఎవరి ఔదార్యమూ లేదు. అక్కడ మిగిలిందనుకున్న మొత్తాన్ని ఛార్జీల కింద, ఇంధనం కింద, నిద్ర కింద రోజూ కొంచెం కొంచెంగా కడుతూ పోవాలి. చాలా కుటుంబాలకి ఇది మంచి బేరమే. ఏమిచ్చి ఏం తీసుకుంటున్నారో ముందే తెలిసి చేసినప్పుడు ఆ బేరం నిలుస్తుంది.

ముందు సమయం సంగతి. ప్రకటనలో "నగరానికి 45 నిమిషాలు" అని ఉంటే, అది స్టేషన్ నుంచి స్టేషన్‌కి పట్టే సమయం. అసలు లెక్క ఉదయం ఇంటి తలుపు వేసిన క్షణం నుంచి మొదలవ్వాలి. స్టేషన్‌కి చేరడానికి 12 నిమిషాలు. బండి పెట్టడానికి చోటు వెతుక్కుని, ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి, రైలు కోసం నిలబడటానికి ఇంకో 8. రైల్లో 45. దిగాక జనంలోంచి బయటపడి ఆఫీసులో కుర్చీ దాకా 15. మొత్తం 80 నిమిషాలు, రానుపోను 2 గంటల 40 నిమిషాలు. ఇప్పటిదాకా నగరంలోనే ఉంటూ 50 నిమిషాల్లో ఆఫీసుకి చేరుతున్న మనిషికి ఇది రోజుకి ఒక గంట అదనం. వారానికి 5 రోజులు, ఏడాదికి 48 వారాలు వేసుకుంటే 240 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా మారిస్తే సరిగ్గా 30 రోజులు. ఇద్దరూ ఉద్యోగస్తులై ఒకే దారిన వెళ్లేవాళ్లయితే ఇంటి మొత్తం మీద 60.

ఇటలీ భౌతికశాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో ఒక ఆసక్తికరమైన విషయం రాశాడు. అంతకుముందు యాకోవ్ జహావీ అనే రవాణా నిపుణుడు చేసిన పనిని ఆధారం చేసుకుని, మనుషులు సగటున రోజుకి గంట ప్రాంతంలోనే ప్రయాణానికి ఇస్తారని చెప్పాడు. కాలినడక రోజుల్లో ఊళ్లు ఆ గంటకి తగ్గట్టే చిన్నవిగా ఉండేవి. వాహనాల వేగం పెరిగాక ఊళ్లు విస్తరించాయి. మిగిలిన సమయాన్ని జనం ఇంట్లో ఉంచుకోలేదు, ఇంకాస్త దూరం పోయి కాపురం పెట్టారు. ఇది సగటు లెక్క కాబట్టి ఎవరికి వారు అన్వయించుకోలేరు గానీ, ఒక కొలతగా బాగా పనికొస్తుంది. రానుపోను గంటన్నర దాటిందంటే ఆ సమయం మరెక్కడి నుంచో రావాలి. సాధారణంగా ముందు నిద్ర తగ్గుతుంది. ఆ తర్వాత పిల్లలతో గడిపే సాయంత్రం పోతుంది.

ఈ నష్టాన్ని జనం తక్కువగా అంచనా వేస్తారని చెప్పడానికి ఆధారాలున్నాయి. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం అమెరికాలోని టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినులను ముందురోజు ఎలా గడిచిందో గుర్తు చేసుకుని రాయమంది. ఏ పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో చూస్తే, ఉదయం ఆఫీసుకి వెళ్లే ప్రయాణం జాబితాలో అట్టడుగున నిలిచింది. ఇంటిపని కూడా దానికంటే పైనే ఉంది. జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్సర్ జర్మనీ కుటుంబాల సమాచారం పరిశీలించారు. అర్థశాస్త్రం ప్రకారమైతే దూరం నుంచి వచ్చేవాళ్లకి మంచి ఇల్లో, మంచి జీతమో దక్కి లెక్క సమం కావాలి. అలా కాలేదు. ప్రయాణం ఎక్కువగా ఉన్నవాళ్లలో జీవితం పట్ల తృప్తి తక్కువగానే తేలింది.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. పెద్ద హాలు, అదనపు గది, రెండో బాత్‌రూం కొద్ది నెలల్లోనే అలవాటైపోతాయి. ఆ తర్వాత వాటి సంగతి ఎవరూ ప్రత్యేకంగా తలుచుకోరు. ప్రయాణం అలా అలవాటు కాదు, ఎందుకంటే అది రోజూ ఒకేలా ఉండదు. ఒకరోజు రైలు ఆలస్యం, ఒకరోజు వాన, ఒకరోజు దారిలో ప్రమాదం. మనిషి కుదురుగా ఉన్న ఇబ్బందికి సర్దుకుంటాడు గానీ, ఎప్పుడు వస్తుందో తెలియని ఇబ్బందికి సర్దుకోలేడు. కొనేటప్పుడు మాత్రం గదులు కళ్లెదుట కనిపిస్తాయి, ప్రయాణం కాగితం మీద ఒక అంకెగా ఉంటుంది. అందుకే తూకం గదుల వైపే మొగ్గుతుంది.

కాబట్టి ఊరిని మంచి రోజున పట్టే సమయంతో కొలవకూడదు, చెడ్డ రోజున ఏమవుతుందో చూసి కొలవాలి. ఒక సాయంత్రాన్ని దగ్గరగా చూద్దాం. పిల్లల సంరక్షణ కేంద్రం 6:30కి మూసేస్తారు. తల్లి ఆఫీసులో 5 గంటలకి లేస్తే మామూలు రోజుల్లో 6:20కి అక్కడ ఉంటుంది. ఆ పది నిమిషాల వెసులుబాటు మీదే మొత్తం ఏర్పాటు ఆధారపడి ఉంది. 5:20 రైలు రద్దయి, తర్వాతిది అరగంటకి ఉంటే ఆమె 6:50 దాకా చేరలేదు. తండ్రి అదే లైన్లో వెనక రైల్లో ఉంటాడు కాబట్టి అతనూ చేరలేడు. ఊళ్లో తెలిసినవాళ్లు లేకపోతే ఫోన్ చేయడానికి కూడా ఎవరూ ఉండరు. నెలకి రెండుసార్లు ఇలా జరిగితే చాలు, మిగతా రోజుల్లో కూడా 4:30 నుంచే గడియారం చూసుకునే టెన్షన్ పట్టుకుంటుంది. చివరికి ఇద్దరిలో ఒకరు, ఎక్కువ ఇళ్లలో తల్లే, పని గంటలు తగ్గించుకోవడమో ఉద్యోగం మానేయడమో జరుగుతుంది. ఇల్లు కొన్నప్పుడు వేసుకున్న రెండు జీతాల లెక్క అక్కడితో తప్పుతుంది. ఇది రవాణా సమస్యలా మొదలై ఇంటి ఆదాయ సమస్యగా మారుతుంది. మొదటిసారి కొనేవాళ్లకి ఎవరూ చెప్పని సంగతుల్లో ఇది ముఖ్యమైనది.

దీన్నుంచి ఒక నియమం తీసుకోవచ్చు. ప్రయాణ సమయం కంటే ఎన్ని నిమిషాలకొక రైలు ఉంది, ఎన్ని నిమిషాలకొక బస్సు ఉంది అన్నది ఎక్కువ ముఖ్యం. పది నిమిషాలకో రైలు ఉన్న ఊరు 55 నిమిషాల దూరమైనా, గంటకో రైలు ఉండి 40 నిమిషాల్లో చేరే ఊరికంటే చాలా కుటుంబాలకి మేలు. మొదటి ఊళ్లో రైలు తప్పితే పోయేది పది నిమిషాలు, రెండో ఊళ్లో గంట. గంటకో రైలు ఉన్నచోట మనిషి తన రోజునంతా టైమ్‌టేబుల్‌కి అప్పగించాల్సిందే. మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వచ్చినా, రాత్రి ఆలస్యమైనా ఆ తేడా తెలుస్తుంది. ఉదయం, సాయంత్రం మాత్రమే రైళ్లు దండిగా ఉండి మిగతా వేళల్లో ఏమీ లేని ఊళ్లున్నాయి. టైమ్‌టేబుల్‌లో మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి ఏముందో చూస్తే ఊరి స్వభావం సగం అర్థమవుతుంది. రెండో దారి ఉందా అన్నది కూడా అంతే ముఖ్యం. రైలు నిలిచిపోతే బస్సు, బస్సు లేకపోతే వేరే రోడ్డు. ఒకే ఒక్క లైను, ఒకే ఒక్క వంతెన మీద ఆధారపడిన ఊళ్లో ఏ చిన్న మరమ్మతు వచ్చినా ఊరంతా ఇరుక్కుంటుంది.

కారు మీద ఆధారపడేవాళ్లకి ఇంకో మాట. "రోడ్డు వెడల్పు చేస్తున్నారు, రెండేళ్లలో అరగంటలో వెళ్లిపోవచ్చు" అనే మాట నమ్మి కొనడం ప్రమాదం. 1962లోనే అమెరికా అర్థశాస్త్రవేత్త ఆంథనీ డౌన్స్ చెప్పాడు: నగరానికి వెళ్లే వేగమార్గాల మీద రద్దీ వేళల్లో వాహనాలు రోడ్డు పట్టేంత వరకూ పెరుగుతాయి. 2011లో జిల్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ అనే అర్థశాస్త్రవేత్తలు అమెరికా రహదారుల లెక్కలు తీసి చూస్తే, లేన్ల పొడవు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం దాదాపు అంతే శాతం పెరిగింది. రోడ్డు వెడల్పయితే ఆ రోడ్డు చూసే కొత్త ఇళ్లు వస్తాయి, కొత్త కార్లు వస్తాయి, కొన్నేళ్లకి మళ్లీ పాత రద్దీయే. రాబోయే రైల్వే లైన్ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ప్రకటించిన లైను, టెండరు పిలిచిన లైను, పట్టాలు వేస్తున్న లైను మూడూ ఒకటి కావు. పైగా రాబోయే స్టేషన్ పేరు చెప్పి ధరలు ముందే పెంచేస్తారు కాబట్టి, లైను ఆలస్యమైతే నష్టం కొన్నవాళ్లదే. ఈ రోజు నడుస్తున్నదాన్ని చూసే ధర కట్టాలి. రేపు వచ్చేది వస్తే అది అదనపు లాభం.

డబ్బు సంగతికొస్తే, ఇంటి వాయిదాని ప్రయాణ ఖర్చుని వేర్వేరుగా చూడటం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఈ రెండింటినీ కలిపి చూసే సూచీ ఒకటి తయారుచేసింది. ఇంటికి ఆదాయంలో 30 శాతం దాటకూడదన్న పాత లెక్క పక్కన, ఇల్లు ప్రయాణం కలిసి 45 శాతం దాటకూడదన్న లెక్క పెట్టింది. ఆ అంకెలు అన్ని దేశాలకీ ఒకేలా సరిపోవు, పద్ధతి మాత్రం ఎక్కడైనా సరిపోతుంది. ఇల్లు చవక అని దూరం వెళ్లిన కుటుంబం ఏడాది తిరక్కుండానే రెండో బండి కొనాల్సి వస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. దాని వాయిదా, బీమా, ఇంధనం, మరమ్మతు, పార్కింగ్ అన్నీ కలిపితే, నగరానికి దగ్గర్లో ఇంకొంచెం ఖరీదైన ఇంటికి కట్టగలిగే వాయిదా అంత కావచ్చు. తేడా ఏమిటంటే, ఇంటికి కట్టింది కొంతైనా ఆస్తిగా మిగులుతుంది. బండికి పెట్టింది ఏటేటా తరిగిపోతుంది.

అప్పు తీరు కూడా ఇక్కడ తెలుసుకోవాలి. లెక్క సులువుగా ఉండటానికి 100 రూపాయల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా 0.87 దగ్గర పడుతుంది. మొదటి నెల వాయిదాలో వడ్డీయే 0.71, అసలుకి పోయేది 0.16. ఐదేళ్లు క్రమం తప్పకుండా కడితే మొత్తం చెల్లించింది 52 అవుతుంది, అసలు మాత్రం ఇంకా 88 మిగిలే ఉంటుంది. అంటే ఊరు నచ్చక నాలుగైదేళ్లకే ఇల్లు అమ్మేద్దామనుకుంటే, చేతికొచ్చే సొంత వాటా చాలా తక్కువ. దాంట్లోంచి కొన్నప్పటి రిజిస్ట్రేషన్ ఖర్చులు, అమ్మేటప్పటి కమీషన్, ఇల్లు మారే ఖర్చు తీసేయాలి. ఇంటి ధర పెరిగి ఉంటే గట్టెక్కుతారు, లేకపోతే చేతి చమురు వదులుతుంది. తొలి ఇల్లు కొనేవాళ్లలో చాలామంది "ముందు ఇక్కడ కొందాం, తర్వాత చూద్దాం" అనుకుంటారు. అప్పు మొదటి ఏళ్లలో అలా తర్వాత చూసుకునే వీలు చాలా తక్కువ ఇస్తుంది.

ఇంటి అప్పు 20 ఏళ్లు ఉంటుంది. ఉద్యోగం అన్నేళ్లు ఒకేచోట ఉండటం అరుదు. ఇప్పుడున్న ఆఫీసు ఏ మూల ఉందో చూసి ఊరు ఎంచుకుంటే, రెండేళ్లకి కంపెనీ నగరానికి అవతలి చివరికి మారినప్పుడు మొదటికే మోసం వస్తుంది. అందుకని చూడాల్సింది ఒక్క ఆఫీసుకి దూరం కాదు. ఆ ఊరి నుంచి గంటలో ఎన్ని రకాల ఉద్యోగాలకి చేరుకోవచ్చో చూడాలి. రెండు మూడు పెద్ద ఉద్యోగ కేంద్రాలకి వీలున్న ఊరు, ఒకే కేంద్రానికి చాలా దగ్గరగా ఉన్న ఊరి కంటే నిలకడైన ఎంపిక. ఇద్దరూ పనిచేసే ఇంట్లో ఇది మరీ నిజం. ఒకరి ఆఫీసు గుమ్మం ముందు దిగేలా, రెండోవారికి రెండు రైళ్లు ఒక బస్సు మారేలా ఉన్న ఊళ్లో, ఎవరి ఉద్యోగం ముందు పోతుందో ఇల్లు కొన్నరోజే తేలిపోయినట్టు.

ఇంటి నుంచి పనిచేసే వీలు 2020 తర్వాత ఈ లెక్కని కొంత మార్చింది. వారానికి రెండు రోజులే ఆఫీసుకి వెళ్లాలంటే 80 నిమిషాల ప్రయాణం భరించదగ్గదే. వారం మొత్తం మీద చూస్తే అది రోజూ 32 నిమిషాలు వెళ్లొచ్చినదానితో సమానం. కానీ ఆ వీలు సంస్థ ఇచ్చింది, సంస్థ ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలదు. అప్పుని బ్యాంకు అలా వెనక్కి తీసుకోదు. ఐదు రోజులూ వెళ్లాల్సొస్తే ఈ ఊళ్లో ఉండగలమా అన్న ప్రశ్నకి "కష్టమే గానీ ఉండగలం" అని జవాబు రావాలి. "అసలు కుదరదు" అని వస్తే ఆ ఇల్లు కొనకపోవడమే మంచిది.

పిల్లల విషయంలో కొనేవాళ్లు పసిబిడ్డని మనసులో పెట్టుకుని ఊరు చూస్తారు. ప్రశాంతంగా ఉందా, గాలి బాగుందా, ఆడుకోవడానికి చోటుందా అని. అప్పు తీరేసరికి ఆ బిడ్డ కాలేజీలో ఉంటుందన్న సంగతి తట్టదు. మూడేళ్ల పిల్లకి పెరడు చాలు. పదేళ్ల పిల్లకి ఒంటరిగా నడిచి వెళ్లగలిగే బడి, స్నేహితురాలి ఇల్లు, గ్రంథాలయం, మైదానం కావాలి. పదిహేనేళ్ల వయసుకి ఎవరినీ అడక్కుండా ఎక్కగలిగే బస్సు కావాలి. ఇవి లేని ఊళ్లో తల్లిదండ్రులే డ్రైవర్లవుతారు. నగరానికి వెళ్లొచ్చి అలసిపోయినవాళ్లు సాయంత్రం ఇంకో గంట ట్యూషన్‌కి, ఆటకి, స్నేహితుల ఇంటికి బండి నడపాలి. ఈ ప్రయాణం ఏ లెక్కలోనూ కనిపించదు. ఇంగ్లండ్‌లో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడి బృందం చేసిన అధ్యయనంలో 1971లో 7, 8 ఏళ్ల పిల్లల్లో 80 శాతం పెద్దవాళ్లు తోడు లేకుండా బడికి వెళ్లేవాళ్లు. 1990 నాటికి అది 9 శాతానికి పడిపోయింది. ముఖ్య కారణం రోడ్ల మీద వాహనాల భయం. ఇంటికీ బడికీ మధ్య దాటాల్సిన రోడ్డు ఎలాంటిదో, దానికి కాలిబాట ఉందో లేదో చూడటం, బడి ఫలితాలు చూడటమంత ముఖ్యం.

పెరిగే చోటు పిల్లల భవిష్యత్తు మీద ఎంత ప్రభావం చూపుతుందన్న దానికి గట్టి ఆధారం అమెరికా నుంచి వచ్చింది. 1990ల మధ్యలో అక్కడ ఐదు నగరాల్లో, పేదరికం బాగా ఉన్న ప్రాంతాల కుటుంబాలకి మెరుగైన ప్రాంతాలకి మారడానికి లాటరీ పద్ధతిలో అద్దె సాయం ఇచ్చారు. 2016లో రాజ్ చెట్టి, నథానియెల్ హెండ్రన్, లారెన్స్ కాట్జ్ ఆ పిల్లలు పెద్దయ్యాక ఎంత సంపాదిస్తున్నారో చూశారు. 13 ఏళ్లు నిండకముందు మారిన పిల్లలు ఇరవైల నడి వయసుకి, మారని పిల్లల కంటే 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. అంతకంటే పెద్ద వయసులో మారినవాళ్లకి లాభం కనబడలేదు, పాతచోటు విడిచిన నష్టమే కొంత మిగిలింది. ఇది పేద కుటుంబాల మీద జరిగిన ప్రయోగం, ఇల్లు కొనేవాళ్లందరికీ అదే అంకె వర్తించదు. అయితే రెండు సంగతులు ఎవరికైనా పనికొస్తాయి. ఊరు మారడం పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే నయం. ఇంటి లోపల ఎన్ని గదులున్నాయన్న దానికంటే ఇంటి బయట ఎలాంటి మనుషులు, ఎలాంటి బడి, ఎలాంటి వాతావరణం ఉన్నాయన్నది ఎక్కువ లెక్కకొస్తుంది.

ఇక్కడే ఊరి ఎంపికలో అసలు విషయం ఉంది. నగరానికి రోజూ వెళ్లొచ్చేవాళ్ల ఊరు మంచిదా కాదా అన్నది, నగరానికి వెళ్లకుండా ఆ ఊళ్లోనే ఎన్ని పనులు జరుగుతాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. డాక్టరు, మందుల దుకాణం, కూరగాయలు, బ్యాంకు, బడి, రాత్రివేళ తెరిచి ఉండే ఆస్పత్రి ఊళ్లోనే ఉంటే, వెళ్లొచ్చే ప్రయాణం ఒక్కటే భారం. అవి కూడా నగరంలోనే ఉంటే ప్రతి పనికీ దూరాభారమే, సెలవు రోజు కూడా దారిలోనే పోతుంది. ఇంగ్లండ్‌కి చెందిన ఎబెనెజర్ హోవర్డ్ 1898లో ఉద్యాన నగరాల ఆలోచన చేసినప్పుడు ఇదే పట్టుబట్టాడు: ఇళ్లతో పాటు ఫ్యాక్టరీలు, దుకాణాలు, బడులు, చుట్టూ పొలాలు అక్కడే ఉండాలి. 1903లో అక్కడే మొదలైన లెచ్‌వర్త్ పట్టణాన్ని ఆ ఆలోచన ప్రకారమే కట్టారు. తర్వాత ప్రపంచమంతా ఆయన చెట్లనీ తోటలనీ తీసుకుంది, ఉద్యోగాల సంగతి వదిలేసింది. రాత్రి పడుకోవడానికే పనికొచ్చే శివారు ఊళ్లు అలా పుట్టాయి.

జపాన్‌లో కొబయాషి ఇచిజో వ్యాపారిగా ఇదే సమస్యని వేరే వైపు నుంచి చూశాడు. 1910లో ఒసాకా దగ్గర ఆయన కంపెనీ రైల్వే లైను మొదలుపెట్టి, దాని వెంట ఇళ్లు కట్టి వాయిదాల మీద అమ్మింది. ఉదయం నిండుగా నగరానికి వెళ్లిన రైలు ఖాళీగా వెనక్కి వస్తే లైను గిట్టదని ఆయనకి తెలుసు. అందుకే లైను అవతలి చివర తకరజుకలో వినోదాలు ఏర్పాటు చేశాడు, 1929లో నగరం చివర స్టేషన్లోనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. రెండు వైపులా, రోజంతా ప్రయాణికులుంటేనే రోజంతా రైళ్లు నడుస్తాయి. ఇల్లు కొనేవాళ్లకి ఇందులో పనికొచ్చే గుర్తు ఒకటుంది. ఉదయం రద్దీ వేళ స్టేషన్లో నిలబడి, నగరం వైపు నుంచి వచ్చే రైల్లోంచి ఎంతమంది దిగుతున్నారో చూడాలి. టీచర్లు, నర్సులు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, కాలేజీ పిల్లలు దిగుతున్నారంటే ఆ ఊరికి సొంత బతుకుంది. ఎవరూ దిగకపోతే, ఊరి రవాణా మొత్తం నగరం మీదే ఆధారపడి ఉందన్నమాట.

ఒకే సమయంలో, ఒకే వయసువాళ్ల కోసం కట్టిన పెద్ద కాలనీల గురించి కూడా ఆలోచించాలి. టోక్యో పశ్చిమాన ఉన్న తమా న్యూ టౌన్‌లో 1971 నుంచి యువ కుటుంబాలు వేలల్లో చేరాయి. ఆ పిల్లలంతా ఇంచుమించు ఒకేసారి బడికి వెళ్లారు, ఒకేసారి పెరిగి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లంతా ఒకేసారి ముసలివాళ్లయ్యారు. పిల్లలు తగ్గి కొన్ని బడులు మూతపడ్డాయి, లిఫ్టులేని అపార్ట్‌మెంట్లలో మెట్లెక్కడం పెద్దవాళ్లకి కష్టమైంది. అన్ని వయసులవాళ్లూ, సొంత ఇళ్లవాళ్లూ అద్దెవాళ్లూ కలిసి ఉన్న పాత ఊరికి ఈ ఇబ్బంది తక్కువ. కొత్త కాలనీలో ఇల్లు తళతళలాడుతుంది గానీ, బిడ్డకి జ్వరమొచ్చిన రాత్రి తలుపు తట్టగలిగిన పెద్దావిడ పక్కింట్లో ఉండే అవకాశం పాత వీధిలోనే ఎక్కువ. పాత ఊరిని ఆనుకుని, నడిచే దూరంలో ఉన్న కొత్త ఇళ్లు రెండింటికీ మధ్యస్తంగా ఉంటాయి. వీలుంటే అలాంటిచోటే వెతకడం మేలు.

నేల గురించి క్లుప్తంగా. దూరపు ఊళ్లలో చవకగా దొరికే స్థలం ఒక్కోసారి పల్లంలో ఉన్నందుకే చవక. వరద పటాలు అందుబాటులో ఉంటే చూడాలి. లేకపోతే పక్క వీధి పాత ఇళ్ల గోడల మీద నీటి మరకలు చూడాలి, పాత ఇళ్లు ఎత్తు మీద కట్టి కొత్తవి పల్లంలో ఎందుకున్నాయో అడగాలి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, మురుగు ఎటు పోతుంది అన్న రెండు ప్రశ్నలకి సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయడమే నయం.

చివరగా, ఊరు చూసే పద్ధతి. దాదాపు అందరూ సెలవు రోజు పగటిపూట, ఎండ కాసినప్పుడు, అమ్మేవాళ్ల కారులో వెళ్లి చూస్తారు. ఆ ఊళ్లో వాళ్లు గడపబోయే జీవితానికి ఆ పూటతో పోలికే ఉండదు. పనిరోజు ఉదయం అక్కడి నుంచి బయల్దేరి నిజంగా ఆఫీసుకి వెళ్లాలి, సాయంత్రం జనంతో పాటు తిరిగి రావాలి. వాన పడుతున్నప్పుడు ఇంకోసారి, రాత్రి ఆఖరి రైలుకి ఇంకోసారి. స్టేషన్ నుంచి ఇంటి దాకా చీకట్లో నడిచి చూడాలి, ఇంట్లో ఇద్దరూ వేర్వేరుగా నడిచి చూడాలి. ఒకరికి మామూలుగా అనిపించిన దారి రెండోవారికి భయంగా ఉండొచ్చు.

అన్నిటికంటే నమ్మదగింది, ముందు అదే ఊళ్లో ఆరు నెలలో ఏడాదో అద్దెకి ఉండటం. ఆలోగా ధరలు పెరిగిపోతాయన్న భయం ఉంటుంది. అది ఉత్త భయం కాదు, కొన్నిచోట్ల నిజంగా పెరుగుతాయి. రెండుసార్లు ఇల్లు మారే శ్రమా ఉంటుంది. అయినా ఐదేళ్ల వాయిదాల తర్వాత కూడా అసలులో 100కి 88 మిగిలే అప్పు పక్కన పెట్టి చూస్తే, ఏడాది అద్దె పెద్ద ఖర్చు కాదు. ఆ ఏడాదిలో వాన కాలం వస్తుంది, బడులు తెరుస్తారు, రైళ్లు ఆగిపోయిన రోజులు కొన్ని వస్తాయి. ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో, ఏ బడికి పిల్లలు సంతోషంగా వెళ్తున్నారో తెలుస్తుంది. ఇంటి బ్రోకరు చూపించని ఇళ్లు కూడా ఊరివాళ్ల నోట బయటపడతాయి.